ఎఱ్ఱగీత గల మాత్రలు

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట మా పత్రికకు పరిపాటి. ఈ మాసమున మేము కడుపును గూర్చి వ్రాయుచున్నాము. ఇది వ్యవసాయమునకు సంబంధింపని విషయమని కొందఱు తలంపవచ్చును. కాని దుక్కి దున్నువాని కడుపు బాగుండనినాడు దుక్కి సాగదు. నాటువేయు తల్లి వాంతులతో పడకవేసిననాడు మడి యట్లే నిలిచియుండును. పైరు చెడినచో నష్టము ఒక యేటిది. మనిషి చెడినచో ఆ యింటి నష్టము ఎన్నేండ్లకును తీరునది కాదు. కావున ఈ విషయమును సంఘము తనదిగా నెంచుట న్యాయమేయని మా యభిప్రాయము.

పురుగుమందు డబ్బా కొనునపుడు మన రైతు దానిమీది రంగు త్రిభుజమును జూడక మానడు. ఎఱుపు మిక్కిలి విషమనియు, పసుపు అంతకు కొంచెము తక్కువయనియు, నీలము మధ్యమమనియు, ఆకుపచ్చ స్వల్పమనియు చదువురానివారు సయితము చెప్పగలరు. ఎకరమున కెంత, ఎన్ని నీళ్లలో కలుపవలె, ఏ పురుగునకు ఏ మందు అని పదిమార్లు అడిగి తెలిసికొందురు. అంతటి జాగరూకులే, ఇంటిలో నెవరికైన వాంతియైనచో దుకాణమునకు బోయి, “వాంతిమాత్ర ఒకటి, గ్యాసుమాత్ర రెండు ఇమ్ము” అని యడిగి, పేరైనను జూడక మ్రింగించుచున్నారు. ఆ మాత్రల అట్టపైనను ఒక గుర్తు గలదు. నిలువుగా నొక ఎఱ్ఱగీతయు, ఆర్‌ఎక్స్ అను అక్షరములును, రిజిస్టరయిన వైద్యుని చీటి లేనిదే చిల్లరగా నమ్మరాదను హెచ్చరికయు నుండును. 1940వ సంవత్సరపు ఔషధముల చట్టమును అనుసరించి 1945లో ఏర్పడిన నియమములలో ఇట్టి మందులకై హెచ్ షెడ్యూలు అను పట్టిక గలదు. వాంతులకును జీర్ణబాధలకును వాడు మందులలో అనేకములు ఆ పట్టికలోనివే. త్రిభుజమును జూచి జంకు రైతు గీతను జూచి జంకకుండుట మాకు వింతగా నున్నది.

గత వర్షకాలమున మా సభ్యులలో నొకరి యింట జరిగిన సంగతిని వారి యనుమతితో ఇట వ్రాయుచున్నాము. పేర్లతో పనిలేదు. వారి కుమారుడు పదునాఱేండ్లవాడు. పెండ్లివిందు భుజించి వచ్చిన రాత్రి నాలుగు వాంతులు చేసికొనెను. తండ్రి ఊరిలోని దుకాణమునుండి మాత్రలు తెచ్చి ఒకటి వేసెను. వాంతి యాగలేదని మఱియొకటియు, తెల్లవారుజామున వేఱొకటియు వేసెను. ఉదయమునకు వాంతులు నిలిచినవి. మధ్యాహ్నమునకు బాలుని మెడ ఒకవైపునకు మెలిదిరిగెను. కనుగ్రుడ్లు పైకి నిలిచిపోయెను. దవడ బిగిసి మాట రాకపోయెను. తెలివి మాత్రము చక్కగనే యుండెను. ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. నిమ్మకాయలు వచ్చెను, వేపమండలు వచ్చెను. ప్రొద్దుగ్రుంకువఱకు కాలము మంత్రగాని ముంగిట గడచెను. రాత్రి ఆసుపత్రికి గొనిపోగా అచ్చటి వైద్యురాలు, “ఏ మాత్ర వేసితిరి?” అని ముందుగా నడిగిరి. అదృష్టవశమున తండ్రి జేబులో ఖాళీ అట్ట యుండెను. దానిని జూచి వారొక సూదిమందు ఇచ్చిరి. గంట గడవకముందే మెడ సరియయ్యెను, మాటయు వచ్చెను. ఆ తండ్రి మాతో నన్న మాట యిది: “గాలి యని నేనును నమ్మితిని. గాలిని నా చేతులతోనే నీళ్లలో కలిపి పోసితినని పిదప దెలిసినది.”

ఆ మాత్ర పేరు మెటోక్లోప్రమైడు. ఇది చెడ్డమందు కాదు. మెదడునందు వాంతిని పుట్టించు స్థానమున డోపమైను అను రసాయనము చేయు పనిని ఇది యడ్డగించును. అన్నకోశము త్వరగా ఖాళీ యగునట్లు చేయును. కాని అదే డోపమైను మన కండరముల కదలికను సయితము క్రమపఱచుచుండును. కావున మందు హెచ్చినచోట, ఒక్కొక్కప్పుడు సరియైన మోతాదునందే, మెడ, కన్నులు, దవడ బిగియుట సంభవించును. పిల్లలయందును యువజనులయందును ఈ వికారము హెచ్చు. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఈ మందును ఐదు దినములకు మించి వాడరాదనియు, పెద్దలకు దినమునకు 30 మిల్లీగ్రాములు దాటరాదనియు, ఏడాది నిండని శిశువులకు ఇయ్యనేరాదనియు నిర్ణయించినది. పండ్రెండు వారములకు మించి వాడినవారికి మూతియు నాలుకయు తమంతట తామే కదలుచుండు రోగము కలుగవచ్చుననియు, అది మందు మానినను పోకుండవచ్చుననియు అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ 2009లో అట్టలపై హెచ్చరిక వేయించినది.

దీనికి సోదరివంటి మందు డోంపెరిడోను. ఇది మెదడులోనికి అంతగా చొరదు గనుక మెడ మెలిదిరుగుట అరుదు. అయినను దీని దోషము గుండెకడ నున్నది. గుండెకొట్టుకొనుటలోని క్రమము తప్పవచ్చును. 2014లో ఐరోపా సంస్థ దీనిని వాంతులకును వికారమునకును మాత్రమే, 10 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడు మార్లకు మించకుండ, సాధారణముగా ఒక్క వారము దాటకుండ వాడుమని శాసించినది. అమెరికాదేశమున దీని విక్రయమునకు అనుమతియే లేదు. మన యిండ్లలో మాత్రము ఇది మాఱుపేరుతో దిరుగుచున్నది. “గ్యాసు క్యాప్సూలు” అని మనము పిలుచువానిలో అనేకములు పాంటోప్రజోలుతోనో రాబెప్రజోలుతోనో డోంపెరిడోనును కలిపి చేసినవి. దుక్కికి పోవుటకు ముందు టీతోపాటు ఒక క్యాప్సూలు మ్రింగు అలవాటు ఏండ్ల తరబడి గల సభ్యులను మే మెఱుగుదుము. వారము దాటరాని మందు తమ కడుపులో నేండ్లనుండి పడుచున్నదని వారెఱుగరు. గుండెజబ్బు గలవారును, ఎరిత్రోమైసిను, క్లారిత్రోమైసిను, ఫ్లూకోనజోలు మున్నగు మందులు వాడుచున్నవారును దీనికి మిక్కిలి దూరముగ నుండవలయును. తామర గజ్జిమందునకును గ్యాసుమందునకును సంబంధమేమని దుకాణదారు తలంపడు. చీటి వ్రాయు వైద్యుడు తలంచును. చీటి విలువ అదియే.

మూడవది ఒండాన్‌సెట్రాను. నేడు వైద్యులు హెచ్చుగా వ్రాయునది యిదియే. మెడ మెలిదిరుగు భయము దీనికి లేకున్నను, తలనొప్పి, మలబద్ధము కలుగుటయు, గుండెలయ తప్పుటయు దీనియందును గలవు. కావున ఇదియు బజారు మిఠాయి కాదు. మొత్తముమీద మే మనున దేమనగా, వాంతిమాత్ర యనునది ఒక్క మందు కాదు. వేఱువేఱు దారులలో పనిచేయు వేఱువేఱు మందుల కది ఒక సామాన్యనామము. పేరు తెలియని పురుగుమందును పైరుపై చల్లని రైతు, పేరు తెలియని మాత్రను బిడ్డ నోట వేయరాదు.

ఇక వాంతిని గూర్చియే యొక మాట. వాంతి రోగము కాదు, కబురు. కబురు తెచ్చినవాని నోరు మూసినచో అసలు సంగతి తెలియకపోవును. ఇది మన రైతులకు మఱి ముఖ్యము. పత్తికో మిరపకో మందు చల్లి వచ్చిన సాయంకాలమున కడుపులో త్రిప్పి వాంతియైనచో అది అజీర్ణము కాకపోవచ్చును. నోట చొంగ, కంట నీరు, ఒంట చెమట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, కండరములు అదరుట, ఊపిరి భారమగుట - ఇవి సేంద్రియ భాస్వర జాతి పురుగుమందుల విషలక్షణములు. వాంతిమాత్ర ఆ విషము నంటదు. వైద్యము ఆలస్యమగుటకు మాత్రము కారణమగును. 2017లో మహారాష్ట్రమునందలి యవత్మాల్ జిల్లాలో పత్తిచేలపై మందు చల్లిన రైతులును కూలీలును ఇరువదిమందికి పైగా మరణించిన సంగతి మనము మఱవరాదు. అట్టి స్థితిలో తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లంతయు కడిగి, డబ్బాను గాని దాని చీటీని గాని చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలయును. ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయించు పాతపద్ధతి కూడదు.

అట్లే రాత్రివేళ చేనికాపునకు నేలపై పండుకొన్నవానికి తెల్లవారుజామున కడుపునొప్పియు వాంతియు వచ్చి, కనుఱెప్పలు వ్రాలుచున్నచో, కట్లపాము కఱచినదేమో యని యనుమానింపవలయును. దాని కాటు నొప్పి పెట్టదు, గాటు కానరాదు. కడుపునొప్పి యని మాత్ర వేసి పండుకొనబెట్టిన మనిషి నిద్రలోనే పోయిన యిండ్లు పల్లెలలో గలవు. మఱియు నడివయసు దాటినవారికి ఱొమ్ములో మంటయు, చెమటయు, వికారమును కలిసివచ్చి, ఎడమచేతికో దవడకో నొప్పి ప్రాకుచున్నచో దానిని గ్యాసు అనరాదు. అది గుండెపోటు కావచ్చును. మధుమేహము గలవారికి నొప్పి లేకుండ వట్టి వికారముతోనే అది వచ్చుటయు గలదు. “గ్యాసుమాత్ర వేసి చూతము” అనుకొనిన అరగంట తిరిగి రానిది. 108కు ఫోను చేయుటకు డబ్బు అక్కఱలేదు.

ఆమ్లమును తగ్గించు ఒమెప్రజోలు, పాంటోప్రజోలు మున్నగునవి మంచిమందులు. ఇవి ఉదయాహారమునకు అరగంట ముందు, నమలక, మ్రింగవలసినవి. తిన్నపిదప మంట పుట్టినప్పుడు మ్రింగినచో గుణము తక్కువ. సాధారణముగా వైద్యులు వీనిని నాలుగునుండి ఎనిమిది వారములకు వ్రాయుదురు. కొన్ని రోగములలో మాత్రము దీర్ఘకాలము అవసరమగును. అవసరము లేక ఏండ్ల తరబడి వాడినవారికి బి12 విటమినును, మెగ్నీషియమును తగ్గుటయు, ఎముకలు విఱుగు నపాయము పెరుగుటయు, ప్రేగులకు క్రిములు సోకుటయు కలుగవచ్చును. చిరకాలము వాడి యొక్కసారి మానినచో ఆమ్లము మునుపటికంటె హెచ్చుగా నూరి, “మందు లేనిదే బ్రతుకలేను” అను భ్రమ పుట్టించును. కాబట్టి దీర్ఘకాలముగా వాడుచున్నవారు ఈ వ్యాసము జదివి రేపే మానవలదు. వైద్యుని యడిగి క్రమముగా తగ్గించుకొనవలయును.

ఈ మంటకు మూలమేమని యడిగినచో, మన రైతులలో ననేకులకు సమాధానము నడుమునొప్పి మాత్రయే. డైక్లోఫెనాకు, ఐబూప్రోఫెను మున్నగు నొప్పిమాత్రలను పరగడుపున మ్రింగుట, పిదప ఆ పుండునకు గ్యాసుమాత్ర వేసికొనుట జరుగుచున్నది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? మలము తారువలె నల్లనైనను, వాంతి కాఫీపొడి కలిపినట్లున్నను లోపల రక్తము కారుచున్నదని యర్థము. అది ఆ పూటనే ఆసుపత్రికి పోవలసిన పని. కడుపుపుండునకు మఱియొక కారణము హెలికోబ్యాక్టరు పైలోరి యను క్రిమి. ఆస్ట్రేలియా వైద్యులగు బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు 1982లో దీనిని కనుగొని 2005లో నోబెలు బహుమానము పొందిరి. పుండునకు కారము, చింత మాత్రమే కారణములని అంతవఱకు నమ్ముచుండిరి. నేడు పరీక్షచేసి, క్రిమి యున్నచో సాధారణముగా రెండు వారముల మందుతో దానిని తొలగింపవచ్చును. కాని మంట తగ్గెనని నడుమ మానినచో క్రిమి మందునకు లొంగకుండ పోవును. ఇరువదియేండ్లు గ్యాసుమాత్ర కొనుటకంటె ఒకమాఱు పరీక్షకు వ్యయపఱచుట లాభమని లెక్క తెలిసిన సంఘసభ్యులకు మేము వేఱుగ చెప్పనేల?

పాతచీటీని దాచి, అదే మందును మఱల మఱల తెచ్చుకొనుటయు మంచిది కాదు. మందులను గూర్చిన జ్ఞానము మాఱుచుండును. ఒకప్పుడు గుండెమంటకు సిసాప్రైడు అను మందు ప్రసిద్ధము. గుండెలయ చెడి మరణములు కలుగుటచే అమెరికాలో 2000లో దానిని బజారునుండి తొలగించిరి. మనదేశమున 2011లో నిషేధించిరి. రానిటిడిను మాత్ర యెఱుగని యిల్లు మన పల్లెలలో లేకుండెను. దానిలో క్యాన్సరు కలిగింపగల మలినము ఏర్పడుచున్నదని తెలిసి 2020లో అమెరికా ప్రభుత్వము దానిని ఉపసంహరింపుమనెను. మనదేశపు అత్యవసర ఔషధముల జాబితానుండి అది 2022లో తొలగెను. పదేండ్లనాటి చీటి పదేండ్లనాటి రోగమునకును, పదేండ్లనాటి జ్ఞానమునకును చెందినది. పొరుగువాని చీటి యంతకంటెను పనికిరానిది.

ఇప్పుడు పిల్లల సంగతి. “లంఖణము పరమౌషధము” అను పెద్దలమాట భారముగ తిన్న పెద్దవాని యజీర్ణమునకు చెల్లవచ్చును. వాంతివిరేచనములగు పసిబిడ్డకు అది చెల్లదు. బిడ్డను చంపునది విరేచనము కాదు, ఒంటిలోని నీరును ఉప్పును పోవుట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బన్‌గావ్ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలగా, సెలైను సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగించిరి. నూటికి ముప్పదిమంది వఱకు మరణించుచుండిన చోట ఆ సంఖ్య నూటికి నలుగురికంటె తక్కువకు దిగినది. ఆ నీరే నేడు ఓఆర్‌ఎస్. ప్యాకెట్టుపై లీటరు అని యున్నచో మొత్తము పొడిని లీటరు మంచినీటిలో ఒక్కసారిగ కలుపవలయును. చిన్న ప్యాకెట్టయినచో దానిమీద వ్రాసిన కొలతయే ప్రమాణము. సగము పొడి, గ్లాసు నీరు అను చేతిలెక్క కూడదు. కలిపిన నీటిని 24 గంటలలో వాడి మిగిలినది పాఱబోయవలయును. త్రాగిన వెంటనే బిడ్డ వాంతి చేసికొన్నచో పది నిమిషములు ఆగి చెంచాచెంచాగా మఱల పట్టవలయును. చనుబాలు ఆపరాదు. విరేచనములగు బిడ్డకు జింకు మాత్రలను పదినుండి పదునాలుగు దినములు ఇయ్యవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆశా కార్యకర్తల యొద్ద ఇవి దొఱకును.

ఓఆర్‌ఎస్ అని పేరు వ్రాసి తీపినీళ్లను డబ్బాలలో అమ్ముటయు నుండెను. చక్కెర హెచ్చయిన ఆ నీరు విరేచనమును పెంచును. హైదరాబాదునందలి యొక శిశువైద్యురాలు ఏండ్ల తరబడి పోరాడినపిదప, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణముల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని యుత్తరువు చేసినది. మన తెలుగు పట్టణపు వైద్యురాలి పట్టుదలకు దేశపు తల్లులందఱును కృతజ్ఞులై యుండవలయును. ఇంకొక సంగతి. విరేచనమును గట్టిగ నిలుపు లోపెరమైడు మాత్రను పిల్లలకు ఇయ్యరాదు. రక్తముతోను జ్వరముతోను కూడిన విరేచనములలో పెద్దలును వాడరాదు. ద్రవరూపపు మందును వంటింటి చెంచాతో కొలువరాదు. సీసాతో వచ్చిన మూతతోనో గొట్టముతోనో కొలువవలయును. చుక్కలమందు సిరప్పుకంటె చిక్కనిదై యుండవచ్చును గనుక ఒకదాని మోతాదు మఱొకదానికి వాడుట ప్రమాదకరము.

గర్భవతుల విషయమున చరిత్రయే గురువు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడు అను మందును అమ్మజూపిరి. వేవిళ్ల వికారమునకు అది నిరపాయమని చెప్పిరి. 1961లో దానిని తొలగించునప్పటికి, చేతులు కాళ్లు సరిగ నేర్పడని శిశువులు పదివేలమందికి పైగా అనేకదేశములలో జన్మించి యుండిరి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ యను అధికారిణి, సాక్ష్యము చాలదని పట్టుబట్టి దానికి అనుమతి నిరాకరించుటచే ఆ దేశపు శిశువులు చాలవఱకు రక్షింపబడిరి. నేడు వేవిళ్లకు సురక్షితమని పరీక్షించిన మందులు గలవు. వానిని వైద్యులు వ్రాయుదురు. నొప్పిమాత్రల వలన పుండు పడకుండుటకు వాడు మిసోప్రోస్టాలు అను మందు గర్భస్రావము కలిగించును. కాబట్టి గర్భవతియగు కోడలికి అత్తగారి గ్యాసుమాత్ర నిచ్చుట ప్రేమతో చేసిన పనియైనను ప్రేమ గల పని కాదు.

మా మాటకు ఎదురుమాట గలదని మే మెఱుగుదుము. “ఆసుపత్రి దూరము. పోయిరా ఒకదినపు కూలి పోవును. పోయినను వైద్యుడు అరనిమిషము చూచును. దుకాణములో పది రూపాయలతో తీరుపనికి ఇంత యేల?” అని సభ్యులు మమ్ము అడిగియున్నారు. ఇది సోమరుల వాదము కాదు. కష్టము చేయువారి లెక్క. దానిని మేము తేలికగా తీసివేయము. చీటి లేనిదే మందు వలదని పల్లెవానికి బోధించువారు, చీటి దొఱకు దారిని సయితము చూపవలయును. వైద్యుడు అందుబాటున లేనిచోట చట్టము కాగితముపైనే యుండుట సహజము. ఈ నిందలో సర్కారు భాగము సర్కారుదే.

అయినను ఆ లెక్కలో నొక తప్పు గలదు. ఒకపూట వాంతులు, రెండు పల్చని విరేచనములు - వీనికి పది రూపాయల మాత్రయు తఱచుగ అక్కఱలేదు. ఓఆర్‌ఎస్ నీరు, పల్చని గంజి, మజ్జిగ, విశ్రాంతి చాలును; పెద్దలలో ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. మాత్ర అవసరమగునంతటి జబ్బునకు వైద్యుడును అవసరమే. అనగా దుకాణపు మాత్ర తేలిక రోగమున దండుగ, గట్టి రోగమున ప్రమాదము. నడుమ దానికి చోటెక్కడ?

కావున మేము ప్రతియింటికి సూచించున దిది. మందు అట్టను చివరిమాత్ర వఱకు కత్తిరింపక దాచవలయును. పేరును, గడువు తేదీయు చదువవలయును. పిల్లలచే చదివించుకొన్నను సిగ్గులేదు. వైద్యుని నాలుగు ప్రశ్న లడుగవలయును: ఈ మందు దేనికి, ఎన్ని దినములు, తిండికి ముందా పిదపనా, ఏ లక్షణము కనబడినచో మానవలయును? వాడుచున్న యితర మందులను, గర్భమును, గుండె మూత్రపిండముల జబ్బును దాచక చెప్పవలయును. ఆమ్లము నణచు తెల్లని ద్రవమందులను కొన్ని యాంటిబయాటిక్కులతోను, ఇనుపమాత్రలతోను, థైరాయిడు మాత్రలతోను కలిపి త్రాగరాదు. నడుమ ఎన్ని గంటలు విడువవలయునో వైద్యుని యడుగవలయును. పురుగుమందులున్న అటకపై మనుష్యుల మందులుంచరాదు. ఎఱ్ఱ వాంతి, నల్ల విరేచనము, పసిబిడ్డకు పచ్చని వాంతి, ఆఱు గంటలు మూత్రము రాకుండుట, మగత, కడుపు బల్లవలె బిగియుట - వీనిలో ఏది కనబడినను వేచియుండరాదు. మందువలన వికారము కలిగినచో వైద్యునికి చెప్పుటయేగాక 1800-180-3024 అను ఉచిత సంఖ్యకు తెలుపవచ్చును; దేశపు ఔషధ భద్రతా కార్యక్రమమువారు దానిని నమోదు చేసికొందురు.

సంఘమునకు మేము చేయు ప్రతిపాదన మఱింత చిన్నది. గిడ్డంగిలో విత్తనముల ప్రక్కన ఒక అఱలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎల్లప్పుడు నిలువయుండవలయును. ఎఱ్ఱగీత గల మాత్ర యొక్కటియు ఆ అఱలో నుండరాదు. పురుగుమందు అమ్ము రసీదుతోపాటు విషలక్షణములు తెలుపు కాగితము నియ్యవలయును. వర్షకాలమునకు ముందు ఒకసారి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని సంఘకార్యాలయమునకు ఆహ్వానించి, సభ్యులు తమ యింటి మాత్రల పెట్టెలను తెచ్చి చూపించునట్లు చేయవలయును. ఏది ఉంచదగినది, ఏది పాఱవేయదగినది అను విచారణ ఒక దినమున ముగియును. దీనికి కావలసిన ధనము స్వల్పము. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా బెట్టుదుము. సభ్యులు కాదనరని మా నమ్మకము.

మేము వైద్యులము గాము; వైద్యుని మాటకు బదులుగ మా మాటను ఎవరును గైకొనరాదు. మేము చెప్పున దంతయు రైతునకు తెలిసిన పాతపాఠమే. తెగులు ఏదో తెలిసికొనక మందు చల్లరాదు, కొలత దాటరాదు, గడువు దాటిన డబ్బాను తెఱవరాదు. చేనియెడ మనము పాటించు ఈ మూడు నియమములను ఇంటియెడ పాటించిన చాలును. ఆ పదునాఱేండ్ల బాలుడు ఇప్పుడు తండ్రితోపాటు చేనికి వచ్చుచున్నాడు. మాత్రల అట్టలను చదివి పెట్టు పని ఆ యింట అతనిదే.